రాకడ ఎప్పుడని అడిగిన అమ్మాయికి

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు రెండు విషయాలు అడిగావు. మీ హాస్టల్లో ఎవరో పంపిన వీడియోలో యేసు ప్రభువు రెండో రాకడకు తేదీ చెప్పారని, అది చూసిన రాత్రి నిద్రపట్టలేదని అన్నావు. "మొదటి శిష్యులు కూడా ఇవాళో రేపో వస్తాడనే అనుకున్నారు కదమ్మా, రెండు వేల ఏళ్లయింది, వాళ్లు పొరబడినట్టే కదా?" అన్నావు. కాసేపాగి తాతయ్య భూస్థాపన రోజు సంగతి ఎత్తావు. ఎవరో పెద్దాయన నీ దగ్గరికొచ్చి "నిరీక్షణ ఉన్నవాళ్లం, మనం ఏడవకూడదమ్మా" అన్నారని, అప్పట్నుంచి ఏడుపొచ్చినప్పుడల్లా నీ విశ్వాసం మీద నీకే అనుమానం వస్తోందని చెప్పావు. నువ్వు వీటిని వేరువేరుగా అడిగావు గానీ నాకు రెండూ ఒకటేలా అనిపించాయి. దేవుడు చేస్తానన్నది ఇంకా పూర్తికాని ఈ మధ్యకాలంలో మనిషి ఎలా బతకాలి అన్నదే నీ ప్రశ్న. తొలి నాలుగైదు శతాబ్దాల క్రైస్తవులు ఎంతగానో మథనపడింది కూడా దీని గురించే. వాళ్ల రాతలు చాలా ఏళ్లుగా చదువుతున్నాను, నన్ను నిలబెట్టినవి అవే. అందుకే ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చకుండా ఉత్తరం రాస్తున్నాను. సెలవురోజు తీరిగ్గా చదువుకో.

ముందు థెస్సలొనీక అనే గ్రీకు పట్టణంలోని సంఘం సంగతి. అపొస్తలుడైన పౌలు ఆ సంఘానికి మొదటి పత్రికను కొరింథులో ఉన్నప్పుడు, సుమారు క్రీ.శ. 50, 51లో రాశాడు. కొత్త నిబంధన పుస్తకాల్లో ఇదే అన్నిటికంటే ముందు రాసిందని పండితుల్లో చాలామంది అంటారు. కొరింథులో పౌలు ఏ గల్లియో ముందు నిలబడ్డాడో ఆ అధిపతి పేరున్న రాతిశాసనం డెల్ఫీలో దొరికింది, ఈ ఏళ్లు లెక్కకట్టగలిగింది దాని వల్లే. థెస్సలొనీకలో పౌలు ఎక్కువకాలం ఉండలేకపోయాడు. ఊళ్లో అల్లరి జరిగి రాత్రికి రాత్రే వెళ్లిపోవాల్సి వచ్చింది. తర్వాత అక్కడ కొందరు విశ్వాసులు చనిపోయారు. మిగిలినవాళ్లకు పెద్ద బెంగ పట్టుకుంది. ప్రభువు వచ్చేనాటికి బతికున్నవాళ్లం ఆయన్ని కలుసుకుంటాం, మరి పోయినవాళ్ల మాటేమిటి, వాళ్లు ఆ రోజును పోగొట్టుకున్నట్టేనా అని. ఆ బెంగ తీర్చడానికి పౌలు రాసిన మాటలే నాలుగో అధ్యాయం చివర ఉన్నవి. క్రీస్తునందు మృతులు మొదట లేస్తారు, ఆ తర్వాత బతికున్నవాళ్లు వాళ్లతో కలిసి ప్రభువును ఎదుర్కొంటారు, ఎవరూ వెనకబడిపోరు అని. "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ముగించాడు.

నిన్ను భయపెట్టిన వీడియోలో చదివిన వచనాలు ఇవే అయ్యుంటాయి. అవి ఆత్మీయులను మట్టిలో పెట్టి వచ్చి ఏడుస్తున్నవాళ్లను దగ్గరకు తీసుకోవడానికి రాసినవి. వాటితో ఆడపిల్లలకు నిద్రలేకుండా చేస్తుంటే నాకు కడుపు మండిపోతోంది. ఇక ఆ పెద్దాయన మాట. ఆయన మంచి మనసుతోనే అనుంటారు, ఆయన మీద కోపం పెట్టుకోకు. కానీ పౌలు వాక్యంలో సగమే చెప్పారు. "దుఃఖపడకండి" అని పౌలు ఆపలేదు, "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడకండి అన్నాడు. దుఃఖం ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ దుఃఖం పక్కన ఇంకేదో నిలబడాలని కోరుకున్నాడు. నీ రెండు ప్రశ్నలూ ఆ అధ్యాయంలో ఎలా కలిసి ఉన్నాయో చూశావా? రాకడ గురించి అంత వివరంగా రాయడానికి కారణమే చావు ఇంటి కన్నీళ్లు.

పౌలు పొరబడ్డాడా అన్నదాన్ని నేను దాటవేయను. "సజీవులమై నిలిచియుండు మనము" అని ఆయన తనను కూడా కలుపుకున్నాడు. తన కాలంలోనే జరగవచ్చని ఎదురుచూశాడన్నది స్పష్టం. తర్వాత ఫిలిప్పీయులకు చెరసాల నుంచి రాసేటప్పుడు తాను ముందే వెళ్లిపోయి క్రీస్తుతో ఉండొచ్చని కూడా రాశాడు. అంటే తన గురించిన అంచనా మారింది. నిరీక్షణ మాత్రం చెక్కుచెదరలేదు. తేదీ మీద నిలబడిన నిరీక్షణ అయితే తేదీతోపాటే కూలిపోవాలి కదా. అది వేరే దాని మీద నిలబడింది కాబట్టే కూలలేదు.

అదేమిటో మార్త మాటల్లోంచి చూడు. తన సహోదరుడు లాజరు చనిపోయినప్పుడు ఆమె యేసుతో "అంత్యదినమున పునరుత్థానమందు లేచునని యెరుగుదును" అంటుంది. అది ఆనాటి యూదుల్లో చాలామంది నమ్మకం. ఇప్పటిది ఈ యుగం, పాపం, రోగం, రోమా సైన్యం, చావు ఉన్న యుగం. తర్వాత రాబోవు యుగం, అప్పుడు దేవుడు అన్నీ సరిచేస్తాడు, చనిపోయిన నీతిమంతులందరూ ఒకేసారి లేస్తారు. మధ్యలో స్పష్టమైన గీత. ఈస్టరు ఉదయం శిష్యులకు తలకిందులైపోయింది ఈ గీతే. అందరూ చివర్లో కలిసి లేవాల్సింది, ఒక్కడు చరిత్ర మధ్యలో లేచాడు. రోమా సైన్యం అలాగే ఉంది, పిలాతు అలాగే ఉన్నాడు, జనం చనిపోతూనే ఉన్నారు. కానీ చివరిరోజు జరగాల్సిన పని ఒక మనిషి శరీరంలో అప్పటికే జరిగిపోయింది. రాబోవు యుగం ఈ యుగంలోకి చొచ్చుకొచ్చేసింది.

పౌలు దీన్నే 1 కొరింథీయులు 15లో ప్రథమఫలం అన్నాడు. లేవీయకాండం 23లో కోత మొదలుపెట్టగానే మొదటి పనను యాజకుడి దగ్గరికి తెమ్మని ఉంది. మన కోత పండుగ రోజు నువ్వు చిన్నప్పుడు వరి కంకులు పట్టుకుని చర్చిలో నడిచేదానివి, గుర్తుండే ఉంటుంది. ఆ పన విడిగా పండిన పంట కాదు, అదే పొలంలోది. అది చేతికొచ్చిందంటే కోత మొదలైందనే. యేసు పునరుత్థానం మన పునరుత్థానానికి కేవలం రుజువో ఉదాహరణో అని పౌలు అనడంలేదు. ఒకే కోత, మొదలైంది, ఇంకా పూర్తికాలేదు అంటున్నాడు. తొలి క్రైస్తవులకు కాలం అంటే అర్థం మారిపోయింది ఇక్కడే. ముగింపు ఎక్కడో ముందుందని మాత్రమే అనుకునేవాళ్లకు ప్రతి ఏడాదీ ఆలస్యమే. ముగింపు మొదలైపోయిందని నమ్మినవాళ్లకు ప్రతి ఏడాదీ ఆ కోతలోదే. నీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇది. మిగిలిన ఉత్తరమంతా దీన్ని నమ్మి జనం ఎలా బతికారో చెప్పడానికే.

వాళ్ల వారం చూడు. రోమా సామ్రాజ్యంలో ఆదివారం సెలవు లేదు. కాన్‌స్టంటైన్ 321లో చట్టం చేసేదాకా అది మామూలు పనిరోజే. బానిసలు, కూలీలు ఉన్న సంఘాలు మరి ఎప్పుడు కూడుకునేవి? సుమారు 112లో బితూనియ ప్రాంత అధిపతి ప్లినీ చక్రవర్తికి రాసిన నివేదికలో, ఒక నియమిత దినాన తెల్లవారకముందే చేరి క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడుకుంటారని ఉంది. చీకట్లో లేచి, పాడుకుని, పనికి వెళ్లేవాళ్లు. సుమారు 155లో రోములో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు రాసినదాన్లో ఇంకా వివరాలున్నాయి: అపొస్తలుల జ్ఞాపకాలు, ప్రవక్తల రాతలు చదవడం, రొట్టె, ద్రాక్షారసం, అనాథలకూ విధవరాళ్లకూ జబ్బుపడ్డవాళ్లకూ చెరలో ఉన్నవాళ్లకూ కానుకలు. ఆదివారమే ఎందుకంటే, దేవుడు లోకాన్ని సృష్టించడం మొదలుపెట్టింది ఆ రోజే, యేసు లేచిందీ ఆ రోజే అంటాడు. బర్నబా పేరుతో ఉన్న పాత పత్రికలో దాన్ని ఎనిమిదో రోజు అన్నారు. ఏడు రోజుల సృష్టి అయిపోయాక మరో లోకానికి అది మొదటి రోజు అని. మిలాన్‌లో బిషప్పు అంబ్రోసు కాలంలో బాప్తిస్మం ఇచ్చిన కట్టడానికి ఎనిమిది మూలలు ఉండేవి, దాని పునాదులు ఇప్పటికీ పెద్ద చర్చి కింద ఉన్నాయి. అంటే మన చర్చి క్యాలెండర్‌లో ఆదివారం వారాంతం కాదు తల్లీ, రాబోయే లోకం నుంచి ముందుగా వచ్చిన రోజు. నైట్ షిఫ్టు అయ్యాక కళ్లు మండుతున్నా నువ్వు ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్తున్నావని విన్నప్పుడు నాకు ఆ బితూనియ వాళ్లే గుర్తొచ్చారు.

రాతల్లో తేదీ వేయడం కూడా వాళ్లకు విశ్వాసపు ఒప్పుకోలుగానే ఉండేది. స్ముర్నలో వృద్ధ బిషప్పు పొలికార్పును 155 ప్రాంతంలో చంపారు. ఎనభై ఆరేళ్లు క్రీస్తును సేవించాను, నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎలా దూషించగలను అన్నాడు. ఆయన మరణవృత్తాంతం చివర, ఆ కాలపు పద్ధతి ప్రకారం ప్రధాన యాజకుడు ఎవరో, రోమా అధిపతి ఎవరో రాశారు. రాజు ఎవరన్న చోట మాత్రం చక్రవర్తి పేరు రాయలేదు, యేసుక్రీస్తు నిరంతరం ఏలుతుండగా అని రాశారు. ఆయన చనిపోయిన రోజును ఏటా ఆయన పుట్టినరోజుగా జరుపుకుంటామని కూడా చెప్పారు. ఈ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇదంతా విని వాళ్లకు ఎదురుచూపు కష్టంగా ఉండేది కాదేమో అనుకోకు. నీ ప్రశ్న వాళ్లూ అడిగారు. సుమారు 96లో రోము సంఘం కొరింథుకు రాసిన పత్రికలో, క్లెమెంటు పేరుతో మనం పిలుచుకునే దాంట్లో, కొందరి మాట ఉంది: ఇవన్నీ మా నాన్నల కాలంలోనే విన్నాం, మేమూ ముసలివాళ్లమైపోయాం, ఒక్కటీ జరగలేదు. యేసు సిలువకూ ఆ పత్రికకూ మధ్య డెబ్బై ఏళ్లయినా లేవు, అప్పటికే ఈ మాట వినబడుతోంది. 2 పేతురు మూడో అధ్యాయంలో కూడా "ఆయన రాకడనుగూర్చిన వాగ్దానమేమాయెను?" అని అడిగేవాళ్లున్నారు. దేవుడికి ఒక రోజు వెయ్యేళ్లు, వెయ్యేళ్లు ఒక రోజు అన్న జవాబు మనకు కంఠతా వచ్చు. దాని తర్వాతి వచనం అంతగా చెప్పుకోం: ఆయన ఆలస్యం చేయడంలేదు, ఎవరూ నశించకూడదని దీర్ఘశాంతంతో ఉన్నాడు. అంటే ఈ మధ్యకాలం దేవుడు మరిచిపోయిన కాలం కాదు, మనుషుల కోసం ఆయన తెరిచి ఉంచిన కాలం.

అందుకే వాళ్ల ప్రార్థనలు రెండు దిక్కులకూ లాగుతాయి. దిదఖే అనే పాత సంఘ నియమాల పుస్తకం ఉంది. ఎంతో కాలం కనబడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పాత ప్రతిలో దొరికింది. అందులో ప్రభురాత్రి భోజనం తర్వాతి ప్రార్థన చివర "కృప రావాలి, ఈ లోకం గతించాలి" అని, కాస్త తర్వాత "మారనాథా" (మా ప్రభువా, రా) అని ఉంటుంది. మన సంఘంలో ఆ మాట పలుకుతాం కదా, అది అంత పాతది. సుమారు 197లో కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత రోమా అధికారులకు రాస్తూ, మేం చక్రవర్తుల కోసం, లోకం నిలవడం కోసం, శాంతి కోసం, అంతం ఆలస్యం కావాలని ప్రార్థిస్తాం అన్నాడు. అదే తెర్తుల్లియన్ ప్రార్థన గురించి రాసిన పుస్తకంలో, "నీ రాజ్యము వచ్చుగాక" అంటూ ఈ లోకం ఇంకా కొనసాగాలని ఎలా అడుగుతారు అని నిలదీశాడు! ముందు నేను ఇది తడబాటు అనుకున్నాను. ఇప్పుడు నాకు ఇందులో నిజాయితీ కనబడుతోంది. చావుబతుకుల్లో ఉన్న పేషెంటు మంచం పక్కన నువ్వే ఎన్నిసార్లు నిలబడ్డావో. బాధ అయిపోవాలని, ఇంకొంత కాలం దొరకాలని, రెండూ ఒకే నోటితో అడుగుతాం. (తెర్తుల్లియన్ రాసినవన్నీ నాకు నచ్చవు. హింసించినవాళ్లు తీర్పు రోజు కాలుతుంటే చూసి సంతోషిస్తామని ఆయన రాసిన చోటు ఒకటుంది. సిలువ మీద "తండ్రీ, వీరిని క్షమించుము" అన్నవాడి శిష్యులకు ఆ సంతోషం తగదు.)

ఇప్పుడు తేదీలు చెప్పేవాళ్ల సంగతి. నీకు వీడియో పంపినమ్మాయికి కూడా ఇది చెప్పు. సుమారు 204లో హిప్పొలిటస్ అనే క్రైస్తవ రచయిత దానియేలు గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ తన కాలంలో జరిగిన రెండు సంగతులు చెప్పాడు. సిరియాలో ఒక సంఘ నాయకుడు, క్రీస్తును ఎదుర్కొందామని విశ్వాసులను భార్యాపిల్లలతో సహా ఎడారిలోకి తీసుకెళ్లాడు. కొండల్లో, దారుల్లో దిక్కుతెలియక తిరుగుతుంటే దొంగల ముఠా అనుకుని అధిపతి సైన్యంతో చంపించబోయాడు. ఆ అధిపతి భార్య విశ్వాసి కావడంతో, ఆమె బతిమాలితే బతికి బయటపడ్డారు. రెండోది పొంతు అనే ప్రాంతంలో. అక్కడి నాయకుడు భక్తిపరుడే, వినయం ఉన్నవాడే, కానీ లేఖనాలకంటే తన కలలను నమ్మాడు. ఏడాదిలో తీర్పు వస్తుందన్నాడు. నేను చెప్పినట్టు జరగకపోతే ఇక లేఖనాలనే నమ్మకండి అన్నాడు. జనం పొలాలు వదిలేశారు, చాలామంది ఆస్తులు అమ్ముకున్నారు. ఏడాది గడిచింది. ఆయన సిగ్గుపడ్డాడు, లేఖనాలు మాత్రం నిలిచాయి, ఆస్తులు అమ్ముకున్నవాళ్లు అడుక్కోవాల్సి వచ్చింది అని రాశాడు హిప్పొలిటస్.

పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ఆ నాయకుడి మాట మళ్లీ చదువు. తన లెక్క తప్పితే దేవుడి మాటే తప్పు అనుకోండి అన్నాడు! తేదీ చెప్పే ప్రతివాడూ, నోటితో అనకపోయినా, వినేవాళ్ల విశ్వాసాన్ని తన లెక్కకు తాకట్టు పెడుతున్నాడు. నాకు భయం వేసేది దానికే. చెప్పినవాడు కొత్త తేదీ వెతుక్కుంటాడు, విన్న పిల్లలు చర్చికి రావడం మానేస్తారు.

హిప్పొలిటస్ కూడా లెక్క వేయకుండా ఉండలేకపోయాడు. పాత నిబంధనలోని మందసం అనే పెట్టె కొలతలు రెండున్నర, ఒకటిన్నర, ఒకటిన్నర మూరలు కలిపితే ఐదున్నర అవుతుంది కాబట్టి సృష్టి నుంచి 5500 ఏళ్లకు క్రీస్తు పుట్టాడని, 6000 ఏళ్లకు అంతమని అన్నాడు. అంటే ఆయన కాలం నుంచి ఇంకా దాదాపు 300 ఏళ్లు. జనాన్ని కంగారు పెట్టకుండా ఉండడానికే ఆ లెక్క. ఆ ఏడాదీ వచ్చి వెళ్లిపోయింది.

నాకు వీళ్లందరిలో అత్యంత ఇష్టమైనవాడు ఇరేనియస్. అతని సంఘం గురించి ముందు చెప్పాలి. 177లో ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో విశ్వాసులను దారుణంగా హింసించి చంపారు. తొంభై ఏళ్లు దాటిన బిషప్పు పొథినస్ చెరసాలలో చనిపోయాడు. బ్లాందీనా అనే బానిస పిల్లను మృగాల ముందు వేశారు. ఆ సంఘంవాళ్లు చిన్న ఆసియాలోని (ఇప్పటి టర్కీ) సంఘాలకు రాసిన ఉత్తరం యూసేబియస్ అనే చరిత్రకారుడు రాసిన సంఘ చరిత్రలో ఉంది. శవాలను ఆరు రోజులు బయట పడేసి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారట. వీళ్లు పునరుత్థానాన్ని నమ్ముకుని చావుకు భయపడడంలేదు, ఇప్పుడు లేస్తారేమో చూద్దాం అని. ఆ నమ్మకం ఎంత గట్టిదో చంపినవాళ్లకే బాగా అర్థమైంది.

పొథినస్ తర్వాత ఆ సంఘానికి ఇరేనియస్ బిషప్పు అయ్యాడు. అలాంటి చోట ఈ లోకం వదిలించుకోవాల్సిన చెత్త అని బోధిస్తే జనం సులభంగా వింటారు. ఆ రోజుల్లో అలా బోధించేవాళ్లు చాలామందే ఉన్నారు. శరీరం జైలు, సృష్టి తక్కువస్థాయి దేవుడి పొరపాటు, రక్షణ అంటే ఆత్మ తప్పించుకుపోవడం అనేవాళ్లు. సుమారు 180లో ఇరేనియస్ ఐదు పుస్తకాల్లో వాళ్లకు జవాబు రాశాడు. సృష్టించిన దేవుడూ రక్షించే దేవుడూ ఒక్కడే, కాబట్టి ఆయన సృష్టిని పారేయడు, దాని పదార్థం నాశనం కాదు, పాతబడిన రూపం మాత్రమే గతిస్తుంది అన్నాడు. క్రీస్తు శిశువై, బాలుడై, యువకుడై, పెద్దవాడై మనిషి బతికే ప్రతి వయసు గుండా నడిచి ఆ వయసును పవిత్రం చేశాడు అన్నాడు. ఆదాము చెడగొట్టుకున్న దారిని మొదటి నుంచి మళ్లీ నడిచి సరిచేశాడు అన్నాడు.

అసలు దేవుడు మనిషిని మొదటే సంపూర్ణుడిగా ఎందుకు చేయలేదు అన్న ప్రశ్నకు నాలుగో పుస్తకంలో ఆయన ఇచ్చిన జవాబు నాకు ప్రాణం. తల్లి తన బిడ్డకు గట్టి అన్నం పెట్టగలదు, బిడ్డే ఇంకా తినలేదు. అలాగే దేవుడు మొదటే అన్నీ ఇవ్వగలిగినవాడే, మనిషి ఇంకా పసివాడు కాబట్టి అందుకోలేకపోయాడు. అందుకే క్రీస్తు కూడా పాలలా మన దగ్గరికొచ్చాడు, మనం మెల్లగా అలవాటుపడి దేవుడి జీవాన్ని మోయగలిగేలా. ఇరేనియస్ దృష్టిలో కాలం అంటే ఇదే, దేవుడు మనిషిని పెంచుకునే వ్యవధి. ఎదగడం తప్పు కాదు, సమయం పట్టడం శిక్ష కాదు. నిన్ను పెంచిన నాకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నీకు నడక రావడం ఆలస్యమైందని నేను నిన్ను పారేశానా?

గ్రీకు తత్వవేత్తలు కొందరు, ముఖ్యంగా స్తోయికులు, లోకం కాలి బూడిదై మళ్లీ అచ్చం అలాగే మొదలవుతుందని, మళ్లీ సోక్రటీసు పుట్టి మళ్లీ అవే నేరాలు మోపబడి మళ్లీ విషం తాగుతాడని అనేవాళ్లు. (మన చుట్టుపక్కలవాళ్లు నమ్మే యుగాల లెక్క వేరు, దాని అర్థాలూ వేరు. వీళ్ల వాదనను దాని మీదికి లాగడం న్యాయం కాదు, నువ్వూ లాగకు.) ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు 248 ప్రాంతంలో దీన్ని ఎదిరించాడు: అలా అయితే మనిషి ఎంచుకునేది ఏమీ మిగలదు అని. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ దేవుని పట్టణం అనే గ్రంథం పన్నెండో భాగంలో ఇంకా సూటిగా చెప్పాడు. క్రీస్తు మన పాపాల కోసం ఒక్కసారే చనిపోయాడు, లేచాక ఇక చనిపోడు, మనం ఎప్పటికీ ప్రభువుతో ఉంటాం. దేవుడు కొత్తదేదీ చేయడన్నది అబద్ధం. తాతయ్య ఒక్కరే, ఒక్కసారే బతికారు, ఆ ఒక్క బతుకూ దేవుడి దగ్గర భద్రంగా ఉంది అని నేను నమ్మేది దీన్నిబట్టే.

ఇక ఏడుపు సంగతి. అగస్టీన్ తల్లి మోనికా 387లో, తన 56వ ఏట, ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో ఓస్తియా రేవులో చనిపోయింది. అప్పటికి అగస్టీన్ బాప్తిస్మం తీసుకుని కొన్ని నెలలే. ఆమె చివరి రోజుల్లో, ఈ శరీరాన్ని ఎక్కడ పెట్టినా పర్లేదు, ప్రభువు బల్ల దగ్గర నన్ను జ్ఞాపకం చేసుకోండి చాలు అంది. సొంతూరికి ఇంత దూరంలో శరీరాన్ని వదలడానికి భయం లేదా అని ఎవరో అడిగితే, దేవుడికి ఏదీ దూరం కాదు, చివరిరోజు నన్ను ఎక్కణ్నుంచి లేపాలో ఆయనకు తెలియదేమో అన్న భయం అక్కర్లేదు అంది. రోన్ నదిలో బూడిద ఊడ్చినవాళ్లకు అంతకంటే మంచి జవాబు ఎవరివ్వగలరు?

అలాంటి తల్లి కొడుకు అగస్టీన్ ఏం చేశాడు? ఆమె కళ్లు తనే మూశాడు. ఏడుపు తన్నుకొస్తే బలవంతంగా ఆపుకున్నాడు. కుర్రవాడైన కొడుకు అదెయొదాతు గట్టిగా ఏడిస్తే అందరూ ఊరుకోబెట్టారు. విశ్వాసి చావుకు ఏడవడం తగదని వాళ్లూ అనుకున్నారు, మీ పెద్దాయనలాగే. భూస్థాపనలోనూ కన్నీళ్లు రానివ్వలేదు. తర్వాత పడుకుని లేచాక, ఒంటరిగా పక్క మీద, అంబ్రోసు రాసిన సాయంకాల కీర్తన గుర్తొచ్చింది. దానితోపాటు తల్లీ గుర్తొచ్చింది. అప్పుడు ఆపుకున్నదంతా వదిలేశాడు. దశాబ్దం దాటాక, బిషప్పు అయ్యాక, అదంతా ఒప్పుకోలు గ్రంథంలో రాసి, నా తల్లి కోసం గంటలో కొంతసేపు ఏడ్చాను, దీన్ని పాపం అనేవాళ్లు నన్ను చూసి నవ్వొద్దు అన్నాడు. ఇంకో విషయం గమనించాను. అదే గ్రంథం పదకొండో భాగంలో కాలం అంటే ఏమిటని విచారించేటప్పుడు, ఉదాహరణకు ఆయన తీసుకున్నది మళ్లీ ఆ కీర్తన మొదటి పంక్తినే. కాలం అంటే ఎవరూ అడగకపోతే తెలుసు, అడిగితే చెప్పలేను అని మొదలుపెట్టి, గతం జ్ఞాపకంగా, వర్తమానం ధ్యాసగా, భవిష్యత్తు ఎదురుచూపుగా మనసులో ఉంటాయి అన్నాడు. కంఠతా వచ్చిన కీర్తన పాడుతుంటే రాబోయే చరణాలు ఎదురుచూపులోంచి జ్ఞాపకంలోకి జారుతున్నట్టే మనిషి బతుకంతా, మానవజాతి కథంతా సాగుతుంది అన్నాడు. తల్లి కోసం ఏడ్పించిన పంక్తితోనే కాలాన్ని కొలిచాడు! అది కావాలని చేశాడో లేదో నాకనవసరం. దుఃఖమూ నిరీక్షణా ఒకే గుండెలో ఉండొచ్చని నాకు దానివల్ల ధైర్యం వచ్చింది. తానే పునరుత్థానమని మార్తతో చెప్పినవాడే కాసేపటికి లాజరు సమాధి దారిలో కన్నీళ్లు విడిచాడు. నువ్వు తాతయ్య కోసం ఏడువు. ఎంతసేపైనా ఏడువు.

రాకడ లెక్కల గురించి అగస్టీన్ మాటలు రెండున్నాయి. ఆయన కాలంలోనూ కొందరు 400 ఏళ్లు, 500 ఏళ్లు, 1000 ఏళ్లు అని లెక్కలు వేసేవాళ్లు. "కాలములను సమయములను తెలిసికొనుట మీ పనికాదు" అన్న ప్రభువు లెక్కలు వేసే అందరి వేళ్లనూ విప్పి విశ్రాంతి తీసుకోమంటున్నాడు అని రాశాడు. హెసీకియస్ అనే బిషప్పు, చుట్టూ గుర్తులన్నీ కనబడుతున్నాయి కదా అని ఉత్తరం రాస్తే, 419 ప్రాంతంలో పెద్ద జవాబిచ్చాడు. ప్రభువు రాకడను ప్రేమించేవాడు దగ్గరపడిందని చెప్పేవాడూ కాదు, దగ్గరపడలేదని చెప్పేవాడూ కాదు, దగ్గరైనా దూరమైనా నిజమైన విశ్వాసంతో, గట్టి నిరీక్షణతో, మండే ప్రేమతో ఎదురుచూసేవాడే అన్నాడు. అప్పటికి రోము నగరాన్ని గోతు తెగవాళ్లు దోచుకుని పదేళ్లయినా కాలేదు. లోకం అంతమైపోతోందని జనం వణికిపోయిన కాలంలో అన్న మాట అది.

నీ మూడో ప్రశ్న కూడా నాకు తెలుసు. చర్చి గడప తొక్కని మన బంధువుల సంగతేమిటని అడుగుతావు. చివరికి దేవుడు అందరినీ తన దగ్గరికి తెచ్చుకుంటాడని ఒరిజెన్ ఆశించాడు, నిస్సా అనే ఊరి బిషప్పు గ్రెగరీ కూడా అలాంటి ఆశే వెలిబుచ్చాడు. ఒరిజెన్ పేరుతో ఉన్న కొన్ని బోధలను 553లో సంఘం ఖండించింది. తీర్పు గురించి యేసు చెప్పిన మాటలను నేను పలుచన చేయలేను, గ్రెగరీ ఆశను కొట్టిపారేయనూ లేను. ఈ విషయంలో మీ నాన్నకూ నాకూ ఇంకా వాదన తెగలేదు. రోమీయులకు 8 మొత్తం, 1 కొరింథీయులకు 15 మొత్తం ఈ వారం చదివి, నీకేమనిపించిందో ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేసి చెప్పు. నాన్న కూడా పక్కనే ఉంటారు.

ప్రేమతో,
అమ్మ